సెలైన్ గొట్టంతో నీటిచుక్క ఫొటోలు

ఆషాఢం వచ్చిందంటే ముహూర్తాలుండవు. పెళ్ళి ఫొటోగ్రాఫర్ల ఫ్లాషులన్నీ బ్యాగుల్లో పడుంటాయి. ఆ నెల నా పని వంటింటి గట్టు మీదే, నీటిచుక్కలతో. ఫొటోలు చూసిన కుర్రాళ్ళు ముందు అడిగేది ఒకటే: "అన్నా, షట్టర్ ఎంత పెట్టావ్?" 1/200 సెకను, కెమెరా తెరిచి ఉండేది అంతసేపే. అంతే. ఈ పనికి షట్టర్‌తో పెద్దగా సంబంధం లేదు.

లెక్క చూడండి. 40 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలిన చుక్క కిందికి చేరేసరికి సెకనుకు 2.8 మీటర్ల వేగం అందుకుంటుంది. 1/200 సెకనులో 14 మిల్లీమీటర్లు జారిపోతుంది. షట్టర్‌నే నమ్ముకుంటే ఫొటోలో చుక్కకు బదులు గీత పడుతుంది. అదే స్పీడ్‌లైట్‌ను, అంటే కెమెరా నెత్తిన తగిలించే చిన్న బ్యాటరీ ఫ్లాష్‌ను, పూర్తి పవర్‌లో 1/64 వంతుకి దించితే అది వెలిగేది సెకనులో ఇంచుమించు ఇరవై వేలో వంతు. ఆ కాస్త వ్యవధిలో చుక్క మిల్లీమీటరులో ఏడో వంతు కూడా కదలదు. గది మసకగా ఉంటే కెమెరాకు అందేది ఆ మెరుపొక్కటే. అమెరికాలోని ఎం.ఐ.టి.లో ప్రొఫెసర్ హెరాల్డ్ ఎడ్జర్టన్ 1957లో పాలచుక్క పడ్డప్పుడు చుట్టూ లేచే కిరీటాన్ని పట్టుకున్నదీ ఫ్లాష్ మెరుపుతోనే.

అందుకే వెలుగు చాలడంలేదని పవర్ పెంచకండి. ఫ్లాష్‌ని దగ్గరికి జరపండి, లేదా ఇంకోటి కలపండి. ఫ్లాష్‌లో హైస్పీడ్ సింక్ అనే సెట్టింగ్‌ని కచ్చితంగా ఆపేయాలి. అది ఆన్‌లో ఉంటే ఫ్లాష్ ఒక్కసారి మెరిసి ఊరుకోదు, షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ వరసగా కొట్టుకుంటూనే ఉంటుంది, చుక్క అలికినట్టు వస్తుంది. మండపానికి మోసుకెళ్ళే పెద్ద స్టూడియో లైట్లు కూడా వద్దు. స్పీడ్‌లైట్‌కి తిరగేసినట్టు, వాటిలో చాలావరకు పవర్ తగ్గించేకొద్దీ మెరుపు నిడివి పెరుగుతుంది.

చుక్క కోసం మెడికల్ షాపులో సెలైన్ సెట్ అడగండి, సూది అక్కర్లేదు. ప్లాస్టిక్ సీసా మూతకి చిల్లు పెట్టి సెట్ మొన దూర్చి, సీసా అడుగు కోసేసి తలకిందులుగా కట్టండి. గొట్టం కొస ఊగకుండా లైట్ స్టాండ్‌కి టేపు వేయాలి. సీసాలో నీళ్ళు తగ్గేకొద్దీ చుక్కలు నిదానిస్తాయి, పోస్తూ ఉండాలి. కింద నల్లటి పళ్ళెం, రెండు మూడు సెంటీమీటర్ల లోతుది, అంచు ఫొటోలో పడకుండా పొర్లేదాకా నీళ్ళు. వెనక ట్రేసింగ్ పేపర్, దాని వెనక ఫ్లాష్, ఫ్లాష్ ముందు మీకు నచ్చిన రంగు జిలేటిన్ పేపర్. ఫ్యాన్ ఆపేయండి. బ్యాటరీ ఫ్లాషులే వాడండి, తడి చేతులతో ప్లగ్గుల జోలికి పోవద్దు.

ఫోకస్‌కి పళ్ళెం మీద అడ్డంగా స్టీలు స్కేలు పెట్టండి. చుక్క స్కేలు మీద ఏ గీత దగ్గర పడుతోందో చూసి, మాన్యువల్‌లో దాని మీద ఫోకస్ చేసి, స్కేలు తీసేయండి. ఇక లెన్స్ మీది ఫోకస్ రింగు ముట్టుకోకూడదు. లెన్స్ రంధ్రం ఎఫ్/11, వెలుగు సున్నితత్వం ఐఎస్ఓ 400తో మొదలుపెట్టండి.

ఇక అసలు తంటా నొక్కడంలో. ఆ 40 సెంటీమీటర్లు దిగి కిందికి చేరడానికి చుక్కకు 0.29 సెకను పడుతుంది. కన్ను చూసి వేలు కదిలేసరికే పావు సెకను గడిచిపోతుంది, ఆపైన కెమెరా ఆలస్యం. నీళ్ళు ఎగసినప్పుడు నొక్కితే మీకు మిగిలేది అలలే. అందుకే నేను చూపుని వదిలేసి చెవిని పట్టుకుంటాను. సెలైన్ గొట్టం మీద చుక్కల వేగం మార్చే రోలర్ తిప్పి సెకనుకొక చుక్క పడేట్టు పెట్టుకుని, కాసేపు కెమెరా ముట్టుకోకుండా ఊరికే వినండి. టప్... టప్... భజనలో తాళం వేసినట్టు వేలికి ఆ లయ పట్టాక నొక్కడం మొదలుపెట్టండి. అలలే వస్తుంటే కాస్త ముందుగా, చుక్క ఇంకా గాల్లోనే ఉంటే కాస్త ఆలస్యంగా.

ముందు దొరికేది స్తంభం. చుక్క చేసిన గుంట పూడుకుంటూ నడిమి నుంచి నీళ్ళు నిలువుగా లేస్తాయి. అది కిరీటం కన్నా ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి కొత్తవాళ్ళకి అదే నయం. కిరీటం కావాలంటే లోతు నీళ్ళు కాదు, పళ్ళెంలో పలచగా పాలపొర ఉండాలి.

గొడుగు ఆకారం అందరికీ ఇష్టం. లేచిన స్తంభం నెత్తిన రెండో చుక్క పడితేనే అది విచ్చుకుంటుంది. రోలర్ వదులుచేసి చుక్కలు వెంటవెంటనే పడేట్టు చేస్తే అప్పుడప్పుడూ తగులుతుంది, కాకపోతే అదృష్టం ఉండాలి. కావాలన్నప్పుడల్లా రావాలంటే ఆర్డునో అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో చుక్కల్ని లెక్కగా వదిలే వాల్వ్ ఉండాల్సిందే. నన్నడిగితే చెవి కుదిరేదాకా దానికి డబ్బు పెట్టొద్దు. ఆ డబ్బుతో రెండో ఫ్లాష్ వస్తుంది. గొడుగు అంచు చినుకులుగా చెదిరిపోతుంటే లీటరు నీళ్ళకి పావు చెంచా గ్వార్ గమ్ (నీళ్ళని చిక్కబరిచే గోరుచిక్కుడు గింజల పొడి) కలిపి రాత్రంతా నానబెట్టి, పొద్దున గుడ్డతో వడకట్టి వాడండి. అంచు నున్నగా సాగుతుంది. పనయ్యాక గొట్టంలోంచి మంచినీళ్ళు పోనివ్వడం మరిచిపోకండి, గమ్ ఎండితే ఆ సెట్ మళ్ళీ పనికిరాదు.