రోమన్ కంచు నాణేలు చదవడం – 4వ పాఠం: గీత కింద ఊరు

పోయిన పాఠంలో బొమ్మ వైపు అక్షరాలు చదివి చక్రవర్తి పేరు పట్టుకున్నాం. ఈసారి నాణేన్ని బొరుసు వైపుకు తిప్పండి. చిత్రంలో మనుషుల కాళ్ల కింద అడ్డంగా ఒక సన్నని గీత ఉంటుంది. దాని దిగువన, ఇరుకు చోటులో కొన్ని అక్షరాలు. నాణెం ఏ టంకశాలలో తయారైందో చెప్పేది అవే. మొత్తం నాణెంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే.

ఇప్పుడు నా ముందున్న నాణెం మన రూపాయి బిళ్లకన్నా చిన్నది, తూకం రెండున్నర గ్రాములు. బొమ్మ వైపు కాన్‌స్టాంటైన్ చక్రవర్తి కొడుకు రెండో కాన్‌స్టాంటైన్. బొరుసు మీద ఇద్దరు సైనికులు ఎదురెదురుగా నిలబడి ఉన్నారు, మధ్యలో రెండు ధ్వజాలు. చుట్టూ 'గ్లోరియా ఎక్సెర్కిటుస్', అంటే సైన్యపు కీర్తి. గీత కింద పి, సి, ఓ, ఎన్, ఎస్, టి.

దీన్ని చూడగానే నేటి ఇస్తాంబుల్ అయిన కాన్‌స్టాంటినోపుల్ అనుకుంటాం. నేనూ అలాగే చీటీ రాసి రెండేళ్లు ఉంచాను. అది తప్పు. ఇది దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణంలో అచ్చయిన నాణెం. క్రీ.శ. 328 ప్రాంతంలో ఆ ఊరికి చక్రవర్తి కుటుంబం మీదుగా కాన్‌స్టాంటినా అని పేరు మార్చారు. దాంతో టంకశాల గుర్తు కూడా మారింది.

మరి తేడా ఎలా పట్టుకోవాలి? ఒంటరిగా ఉన్న అక్షరం ముందుందా, చివరుందా అని చూడాలి. ఒక్కో టంకశాలలో కొన్ని పనిశాలలు ఉండేవి. నాణెం తూకం తగ్గితే ఎవరిని అడగాలో తెలియాలి కదా, అందుకే ప్రతి పనిశాలకూ ఒక అక్షరం. ఆర్ల్‌లో ఆ అక్షరం ముందు వస్తుంది: పి అంటే 'ప్రిమా', మొదటిది, ఎస్ అంటే 'సెకుందా', రెండోది. కాన్‌స్టాంటినోపుల్‌లో సి, ఓ, ఎన్, ఎస్ రాసి, చివర ఆల్ఫా, బీటా, గామా లాంటి గ్రీకు అక్షరం పెట్టారు. అక్కడ పదకొండో పనిశాల దాకా గుర్తులు కనిపిస్తాయి.

మిగతా ఊళ్లు ఇంత ఇబ్బంది పెట్టవు. టి, ఆర్ అంటే ట్రియర్, ఇప్పటి జర్మనీలో ఉంది. ఎస్, ఐ, ఎస్ అంటే సిసియా, ఇప్పటి క్రొయేషియాలో ఉంది. ఎస్, ఎం, ఏ, ఎన్ కనిపిస్తే ఆంటియోక్, ఇప్పటి టర్కీలో ఉంది. ఇందులోని ఎస్, ఎం అంటే 'సాక్రా మొనేటా'. రాచ టంకశాల అనుకోవచ్చు.

ఊరు తేలాక ధ్వజాలు లెక్కపెట్టండి. రెండుంటే దాదాపు 330–335 మధ్యది. ఒక్కటే ఉంటే 335 తర్వాతది, తూకం కూడా గ్రామున్నరకు దిగుతుంది. లోహం తగ్గించారు, బిళ్ల చిన్నదైంది, ఒక ధ్వజం పోయింది. చరిత్ర పుస్తకంలో ఒక వాక్యంగా చదివేసే ఆర్థిక ఇబ్బంది ఇక్కడ అరచేతిలో బరువుగా తెలుస్తుంది.

చూసే పద్ధతి కూడా ముఖ్యం. పైనుంచి పడే వెలుతురులో అరిగిన అక్షరం కనిపించదు. గది చీకటి చేసి, ఫోన్ టార్చిని నాణెం పక్కన బల్ల మీద దాదాపు ఆనించి వెలిగించండి. నీడలు లేచి అక్షరాల అంచులు తేలతాయి. వాచీ రిపేరు చేసేవాళ్లు కంటికి పెట్టుకునే అద్దం సరిపోతుంది. మట్టి అడ్డొస్తే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, పుల్లతో మెల్లగా తీయండి. చింతపండు మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. ఇత్తడి చెంబును మెరిపించే ఆ పులుపే పదిహేడు వందల ఏళ్లుగా పేరుకున్న పచ్చని పొరను తినేస్తుంది. పోయిన పొర తిరిగి రాదు.

కొనేటప్పుడు ముఖం ఎంత బాగుందని మాత్రమే చూడకండి. చాలా నాణేల్లో అచ్చు పక్కకు జరిగి, గీత కింది భాగం బిళ్ల బయటికి పోయి ఉంటుంది. ముక్కు అరిగినా సరే, గుర్తు పూర్తిగా ఉన్న నాణేన్నే నేను తీసుకుంటాను.

ఈ వారం అభ్యాసం: మ్యూజియం ఫోటోల్లో 'గ్లోరియా ఎక్సెర్కిటుస్' నాణేలు పది వెతకండి. నోట్‌బుక్‌లో మూడు గడులు గీసి ఊరు, పనిశాల, ధ్వజాల సంఖ్య రాయండి. ఫోటో కింద ఇచ్చిన వివరం తర్వాతే చదవండి. అక్షరం కనబడకపోతే ఊహించి నింపకుండా ఆ గడిని ఖాళీగా వదిలేయండి.