ఉద్యోగానికి మెయిల్‌లో కవర్ లెటర్ రాయడం ఎలా?

కొన్నాళ్లు ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగాల కోసం వచ్చే మెయిల్స్ తెరిచి చూసే పని నాకు పడింది. చాలా వాటిలో రెజ్యూమే జత చేసి ఉండేది తప్ప ఒక్క అక్షరం ఉండేది కాదు. ఇంకొన్నిట్లో ‘ప్లీజ్ ఫైండ్ అటాచ్డ్ మై రెజ్యూమే’ అన్న ఒక్క లైనే. అలా పంపినవాళ్లు పని రానివాళ్లేం కాదు. కుదిరినప్పుడు రెజ్యూమే తెరిస్తే బాగా పనిచేసినవాళ్లు ఎందరో కనబడేవారు. కానీ అన్నీ తెరిచే టైము మాకు ఉండేది కాదు. ముందు ఏది తెరవాలో మెయిల్‌లో రాసిన నాలుగు ముక్కలే చెప్పేవి. కవర్ లెటర్ అంటే ఆ నాలుగు ముక్కలే. అందుకే రెజ్యూమే మీద పెట్టే శ్రద్ధలో కొంతైనా ఈ నాలుగు ముక్కల మీద పెట్టమని అడిగినవాళ్లందరికీ చెబుతుంటాను.

1. ప్రకటనను కాగితం మీద రెండు వరసలుగా రాయండి

మెయిల్ తెరవకముందే చేయాల్సిన పని ఇది. అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. ఎడమవైపు వాళ్లు అడిగినవి రాయండి. కుడివైపు, ఆ ఒక్కోదానికి ఎదురుగా, మీరు చేసిన పని రాయండి. ‘వచ్చు’, ‘తెలుసు’ అని కాదు, చేసిన పని.

మా పిన్ని కూతురు బీకాం చదివి తెనాలిలో ఒక టాక్స్ కన్సల్టెంట్ దగ్గర అప్పటికి ఏడాదిగా పనిచేస్తోంది. విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ అమ్మే ఒక సంస్థ అకౌంట్స్ అసిస్టెంట్ కావాలని ప్రకటన ఇచ్చింది. టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్), జీఎస్‌టీ, ఎక్సెల్ తెలియాలి, త్వరగా చేరాలి అన్నది అందులో సారాంశం. తను కాగితం మీద ‘టాలీ వచ్చు, జీఎస్‌టీ తెలుసు’ అని రాసి ఆగిపోయింది.

“అక్కా, ఇంకేముంది రాయడానికి?” అంది.

“ఏడాదంతా ఎవరెవరి లెక్కలు రాశావే?”

“పన్నెండు మందివి. కిరాణా కొట్లు, మెడికల్ షాపు, బైక్ పార్ట్స్ అమ్మేవాళ్లు ఇద్దరు...”

బైక్ పార్ట్స్ అన్నాక తనే ఆగి నా మొహం చూసింది. స్పేర్ పార్ట్స్ వ్యాపారానికి అప్లై చేస్తూ, స్పేర్ పార్ట్స్ లెక్కలు రాసిన సంగతే మర్చిపోయింది. మన పని మనకు మామూలైపోయి కనబడదు. కాగితం మీద ఎదురెదురుగా పెడితే కనబడుతుంది.

ఫ్రెషర్ అయితే ఉద్యోగానుభవం ఉండదు కాబట్టి కుడివైపు ఖాళీ అనుకోకండి. కాలేజీ ప్రాజెక్టులో మీరు స్వయంగా చేసిన భాగం, ఇంట్లో కొట్టు ఉంటే దాని ఖాతా పుస్తకం రాయడం, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపుకి వసూళ్లు, ఖర్చులు చూడటం, ఇవన్నీ పనులే. లేనిది మాత్రం కల్పించొద్దు. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

2. ముందు తెలుగులో రాసుకోండి

పంపేది చాలావరకు ఇంగ్లీషులోనే. అయినా ముందు తెలుగులో రాయమంటాను. నేరుగా ఇంగ్లీషులో మొదలుపెడితే చెయ్యి తనంతట తనే ‘హార్డ్ వర్కింగ్’, ‘డైనమిక్’, ‘టీమ్ ప్లేయర్’ అంటూ ఎక్కడో చదివిన మాటల వైపు పోతుంది. తెలుగులో అయితే ఎదుటి మనిషికి చెప్పినట్టు వస్తుంది. మా చెల్లెలు చివరికి రాసింది ఇది (అందులో జీఎస్‌టీఆర్‌-1, జీఎస్‌టీఆర్‌-3బీ అన్నవి నెలనెలా వేసే జీఎస్‌టీ రిటర్నులు):

*సబ్జెక్ట్: అకౌంట్స్ అసిస్టెంట్ పోస్టుకు దరఖాస్తు, బీకాం, టాలీ, జీఎస్‌టీలో ఏడాది అనుభవం*

*డియర్ సర్/మేడమ్,*

*మీ ఆఫీసులో అకౌంట్స్ అసిస్టెంట్ పోస్టు ప్రకటన చూసి రాస్తున్నాను. ఏడాదిగా తెనాలిలో ఒక టాక్స్ కన్సల్టెంట్ దగ్గర టాలీ, జీఎస్‌టీ పనే చేస్తున్నాను.*

*12 మంది వ్యాపారుల బిల్లులు టాలీలో ఎక్కిస్తాను. ప్రతి నెలా 11వ తేదీలోపు జీఎస్‌టీఆర్‌-1, 20లోపు జీఎస్‌టీఆర్‌-3బీ వెళ్లేలా లెక్కలు సిద్ధం చేస్తాను. వీరిలో ఇద్దరు బైక్ స్పేర్ పార్ట్స్ వ్యాపారులు. ఒకే బిల్లులో చాలా ఐటమ్స్ ఉండటం, వెనక్కి వచ్చిన సరుకుకు క్రెడిట్ నోట్లు రాయడం నాకు అలవాటే.*

*ఎక్సెల్‌లో పివట్ టేబుల్స్ వరకు వచ్చు. నా నోటీస్ పీరియడ్ 15 రోజులు. రెజ్యూమే జత చేశాను. మీరు చెప్పిన రోజు వచ్చి కలుస్తాను.*

*పేరు, ఫోన్ నంబర్*

ఇంతే. ఇంటర్వ్యూలో తనని మొదట అడిగింది ఆ క్రెడిట్ నోట్ల గురించే.

దీన్ని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో పెట్టండి. 150 నుంచి 200 పదాలు దాటకపోతే మేలు. ఇంగ్లీషు సరిచేయడానికి చాట్‌జీపీటీ లాంటివాటి సాయం తీసుకోవచ్చు. కాకపోతే మొత్తం రాసిపెట్టమని దానికి వదిలేస్తే మీ 12 మంది వ్యాపారులు మాయమై, ఎవరికైనా సరిపోయే తియ్యటి మాటలు వస్తాయి. మీ పని, మీ అంకెలు మీరే ఇచ్చి, భాష మటుకు చూడమనండి.

రాయకూడనివి కొన్ని ఉన్నాయి. పాత ఆఫీసు మీద ఫిర్యాదులు వద్దు. వాళ్లు అడగకపోతే జీతం మాట ఎత్తొద్దు. ఇంకోటి, చెప్పడానికి నాకే కష్టంగా ఉంటుంది. ‘నాన్నకు ఒంట్లో బాగోలేదు, ఇల్లు నేనే నడపాలి’ అని రాసే పిల్లలు ఉంటారు. చదివినప్పుడు మనసు కలుక్కుమంటుంది. కానీ చదివే మనిషి దాన్ని చూసి ఉద్యోగం ఇవ్వలేరు, మీరు బాగా చేయగల పని ఆ మాటల కింద కప్పబడిపోతుంది.

3. సబ్జెక్ట్, పిలుపు, పేరు

సబ్జెక్ట్‌లో ఉద్యోగం పేరు ముందు రావాలి. ఫోన్‌లో చూసేవాళ్లకు మొదటి కొన్ని మాటలే కనబడతాయి. ప్రకటనలో జాబ్ కోడ్ ఇస్తే దాన్ని ఉన్నదున్నట్టు పెట్టండి. ‘అర్జెంట్’, ‘రిక్వెస్ట్’ లాంటివి అక్కర్లేదు.

ఎవరు చదువుతారో తెలియనప్పుడు ‘రెస్పెక్టెడ్ సర్’ అని ఊరుకోవద్దు. హెచ్‌ఆర్‌లో ఆడవాళ్లు ఎంతోమంది ఉంటారు. పేరు తెలిస్తే పేరుతో, తెలియకపోతే ‘డియర్ సర్/మేడమ్’ అని రాయండి.

మీ పేరు మెయిల్‌లో, రెజ్యూమేలో, సర్టిఫికెట్లలో ఒకేలా ఉందో లేదో చూసుకోండి. మనకు ఇంటిపేరు ముందు రావడం అలవాటు కదా, బయటి రాష్ట్రాల వాళ్లూ విదేశాల వాళ్లూ ఇంటిపేరుతోనే పిలిచేస్తుంటారు. కింద సంతకం దగ్గర మిమ్మల్ని ఏ పేరుతో పిలవాలో అది స్పష్టంగా తెలిసేలా రాయండి. ఇంటర్‌లో సరదాగా పెట్టుకున్న ఐడీ ఉంటే, పేరుతో కొత్త ఐడీ తెరవండి.

4. రెజ్యూమే జత చేయడం

పీడీఎఫ్ పంపండి. వర్డ్ ఫైలు ఫోన్‌లో తెరిస్తే వరసలు చెదిరిపోవచ్చు. ఫైలుకు మీ పేరు, ఉద్యోగం పేరు పెట్టండి. ‘న్యూ రెజ్యూమే ఫైనల్ 2’ అని ఉంటే డౌన్‌లోడ్ చేశాక అది ఎవరిదో వాళ్లకు తెలియదు. జీమెయిల్ 25 ఎంబీ దాకా పంపనిస్తుంది, అలాగని సర్టిఫికెట్ల ఫొటోలన్నీ ఎక్కించకండి.

కవర్ లెటర్ మెయిల్ లోపలే ఉండాలి. విడిగా ఫైలు కావాలని ప్రకటనలో అడిగితే అదీ జత చేయండి.

ఆధార్, పాన్ కాపీలు మొదటి మెయిల్‌లో పంపొద్దు. ఉద్యోగం ఇస్తామని రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ డిపాజిట్ అంటూ డబ్బు అడిగితే అక్కడితో ఆగిపోండి. ఒకవేళ డబ్బు కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి.

5. పంపడం

‘టు’ దగ్గర అడ్రసు ఆఖరున రాయండి. ముందే రాస్తే సగం రాసిన మెయిల్ వేలు తగిలి వెళ్లిపోతుంది. నాకు ఇంతకన్నా పెద్ద పొరపాటే జరిగింది. ఒక కంపెనీకి రాసిన ఉత్తరాన్ని మార్చి మరోదానికి పంపుతూ, రెండో పేరాలో పాత కంపెనీ పేరు అలాగే వదిలేశాను. పంపిన మర్నాడు చూసుకుని ఎంత బాధపడ్డానో! అప్పటినుంచి మెయిల్‌ను ముందు నాకే పంపుకుని, ఫోన్‌లో తెరిచి, పైకి చదువుతాను. తప్పులు చెవికి దొరికినంతగా కంటికి దొరకవు.

కంప్యూటర్‌లో జీమెయిల్ సెట్టింగ్స్‌లో ‘అన్‌డూ సెండ్’ అని ఉంటుంది. దాన్ని 30 సెకన్లకు మార్చుకోండి. వేరే చోట రాసింది మెయిల్‌లోకి తెచ్చేటప్పుడు కంట్రోల్, షిఫ్ట్, వీ మూడూ కలిపి నొక్కితే అక్షరాలన్నీ ఒకే సైజులో వస్తాయి. ఒక మెయిల్ ఒక్క కంపెనీకే. ఇరవై అడ్రసులు వరసగా కనబడే మెయిల్‌ను ఎవరూ తమ కోసం రాసిందనుకోరు.

6. ఆ తర్వాత

వారం పది రోజులు చూడండి. జవాబు రాకపోతే అదే మెయిల్‌కు కిందనే రెండు లైన్లు రాయండి. ఫలానా తేదీన అప్లై చేశాను, ఇంకా ఆసక్తిగానే ఉన్నాను అంటే చాలు. ఈలోపు స్పామ్ ఫోల్డర్ కూడా రోజూ చూస్తుండండి.

ప్రకటనను స్క్రీన్‌షాట్ తీసి, మొదట రాసుకున్న రెండు వరసల కాగితంతో పాటు దాచుకోండి. మూడు వారాల తర్వాత తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చేసరికి వెబ్‌సైట్‌లో ఆ ప్రకటన తీసేసి ఉండొచ్చు. మాట్లాడేముందు చూసుకోవడానికి మీ దగ్గర అదే ఉంటుంది.