పటం చూడటం నేర్చుకుందాం – 4వ పాఠం: వేషం

పోయిన పాఠంలో బొమ్మ మీద వెలుతురు ఎటు నుంచి పడుతోందో పట్టుకున్నాం. ఈసారి బట్టలు. ఏం వేసుకున్నారో ఎవరైనా చెబుతారు. ఎందుకు వేసుకున్నారో కనుక్కోవడమే మన పని.

న్యూయార్క్‌లోని ఫ్రిక్ కలెక్షన్‌లో ఉన్న ఒక తైలవర్ణ చిత్రాన్ని ఫోన్‌లో తెరవండి. ఫ్రాన్స్‌లోని గొప్పింటి వాళ్లయిన ష్వాజల్ వంశపు అన్నదమ్ములిద్దరి పటం, 1758లో ఫ్రెంచ్ చిత్రకారుడు ఫ్రాన్స్వా-యూబేర్ ద్రువే వేసింది. పెద్దవాడు 1752లో పుట్టాడు, చిన్నవాడు ఇంకా పసివాడే. ఇద్దరికీ సవాయ్ పిల్లల వేషం వేశారు.

ఈ సవాయ్ వాళ్లెవరంటే, ఆల్ప్స్ కొండల నుంచి పారిస్‌కు వలస వచ్చిన పేదలు. పొగగొట్టాలు దులిపేవాళ్లు, బూట్లు తుడిచేవాళ్లు. కొందరు మన బయస్కోపు పెట్టెలాంటిది భుజాన వేసుకుని వీధులు తిరిగేవాళ్లు. ఇంకొందరు మార్మట్ అనే కొండజంతువును ఆడించి చిల్లర అడిగేవాళ్లు.

ఇప్పుడు పిల్లల ముఖాలను వేలితో మూసేసి, బొమ్మను పెద్దది చేసి చూడండి. బట్టకు ఎక్కడైనా మాసిక ఉందా? మోకాళ్ల దగ్గర అరిగిందా? తర్వాత చేతులు చూడండి. పొగగొట్టంలో దూరే పిల్లల చేతులు అంత తెల్లగా ఉంటాయా? కుట్టు పేదవాడిది, గుడ్డ దొరగారిది. ఈ తేడా కంటికి తగిలితే సగం పాఠం వచ్చినట్టే.

మరి గొప్పింటి బిడ్డలకు ఈ వేషమెందుకు? ముచ్చట కొంత ఉంది, కాదనను. కానీ సవాయ్ పిల్లలు సంపాదించింది ఇంటికి పంపుతారని, కన్నవాళ్లను మరిచిపోరని అప్పట్లో పేరుండేది. ఆ మంచిపేరును తమ పిల్లలకు తొడిగారు. పేదవాడి గుణం కావాలి, వాడి చలి మాత్రం అక్కర్లేదు! పెద్దవాడు ఆ తర్వాత 1784లో ఫ్రాన్స్ రాయబారిగా కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) వెళ్లాడు, గ్రీకు శిల్పాలు పోగేశాడు.

అభ్యాసం: సెయింట్ పీటర్స్‌బర్గ్ హెర్మిటేజ్ మ్యూజియంలో వాతో అనే ఫ్రెంచ్ చిత్రకారుడు వేసిన సవాయ్ మనిషి పటం ఉంది, మార్మట్‌తో నిలబడి ఉంటాడు. అది ద్రువే బొమ్మకు నలభై ఏళ్లు ముందుది. రెండూ పక్కపక్కన పెట్టుకుని బట్టలు, చేతులు, చుట్టూ ఉన్న చోటు, ఈ మూడింటి తేడాలూ నోట్‌బుక్‌లో రాయండి. ముఖాల జోలికి అప్పుడే వెళ్లకండి. ద్రువే వేసే ముఖాలు సుద్ద మీద ఎరుపు అద్దినట్టుంటాయని అప్పటి ఫ్రెంచ్ రచయిత, కళా విమర్శకుడు దిదెరో ఎందుకు వెక్కిరించాడో వచ్చే పాఠంలో చూద్దాం.