భూమి ధర మీద కన్నేసి రోసి 'నగరం మీద చేతులు' చూడడం ఎలా

ఇటలీ దర్శకుడు ఫ్రాంచెస్కో రోసి 1963లో తీసిన 'లె మాని సుల్లా చిట్టా', అంటే 'నగరం మీద చేతులు', ఆ ఏడాది వెనిస్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి స్వర్ణసింహం అందుకుంది. ఇటలీలోని నేపుల్స్‌లో ఒక బిల్డరే నగర కౌన్సిలరుగా కూడా ఉంటే ఏమవుతుందన్నది దాని కథ. దీన్ని ఒక దుర్మార్గుడి కథ అనుకుని మొదలుపెట్టినవారికి కౌన్సిల్ చర్చలు వచ్చేసరికి పట్టు జారిపోతుంది. కథానాయకుడెవరు, చివరికి అతనికి శిక్ష పడుతుందా అన్న ప్రశ్నలను పక్కనపెట్టి, ఒక చదరపు మీటరు భూమి ఎవరి నిర్ణయం వల్ల ఎంత ధరకు చేరుతుందో గమనిస్తూ పోతే, విసుగనిపించిన ఆ చర్చలే అన్నిటికన్నా ఉత్కంఠగా తోస్తాయి.

చూడబోయే ముందు కొంత నేపథ్యం తెలిసి ఉండాలి. రెండో ప్రపంచయుద్ధంలో బాంబుదాడులకు నేపుల్స్ బాగా దెబ్బతింది. యుద్ధం ముగిశాక ఇళ్ళ కొరత తీవ్రంగా ఉండేది. 1952లో రాచరికవాద పక్షానికి చెందిన నౌకల యజమాని అకిల్లె లౌరో మేయరయ్యాడు. ఆయన హయాంలో నగరం కొండల మీదికీ పొలాల్లోకీ అడ్డూ అదుపూ లేకుండా పాకింది. 1939 నాటి మాస్టర్ ప్లాన్ స్థానంలో కొత్తది ఆమోదం పొందడానికి 1972 దాకా పట్టిందంటే, మధ్యలో బిల్డర్లకు ఎంత వెసులుబాటు దొరికిందో ఊహించవచ్చు. నగర విస్తరణకు కావలసిన భూమిని ముందుగా మునిసిపాలిటీయే సేకరించాలని ప్రజాపనుల మంత్రి ఫియొరెంతీనో సుల్లో ఒక సంస్కరణ ప్రతిపాదించగా, 1963 ఎన్నికల ముందు ఆయన సొంత పార్టీ క్రిస్టియన్ డెమోక్రాట్లే దాన్ని కాదన్నారు. సినిమా విడుదలైంది ఆ సంవత్సరమే.

ఇక మొదటి సన్నివేశం. దీన్ని రెండుసార్లు చూడమని గట్టిగా చెబుతాను. రాడ్ స్టైగర్ పోషించిన ఎదువార్దో నొత్తోలా ఊరిబయటి ఖాళీ నేల మీద నిలబడి, చేతులు ఊపుతూ సహచరులకు లెక్క వివరిస్తాడు. ఇవాళ ఇక్కడ చదరపు మీటరు మూడొందలకో, ఐదొందలకో, వెయ్యి లీరాలకో (అప్పటి ఇటలీ కరెన్సీ) దొరుకుతుంది. రేపు అదే నేల అరవై డెబ్బై వేలు పలుకుతుంది. అంతా మన చేతుల్లోనే ఉంది అంటాడు. రోడ్లు, నీళ్ళు, గ్యాస్, కరెంటు అక్కడిదాకా తేవలసింది మునిసిపాలిటీ. ఇక్కడ సినిమా ఆపి లెక్క వేసుకోవాలి: వెయ్యి లీరాలు అరవై వేలయ్యేసరికి అతను ఇంకా ఒక్క ఇటుక కూడా పేర్చలేదు. లాభం కట్టడంలోంచి రావడం లేదు, నగరం ఏ దిక్కుకు పెరగాలన్న కౌన్సిల్ తీర్మానంలోంచి వస్తోంది. ఈ ముక్క మనసులో నిలుపుకుంటే, టైటిళ్ళతోపాటు వచ్చే విహంగ దృశ్యాల్లో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడ్డ ఆ భవనాల వరసలు ఎందుకలా ఉన్నాయో ఎవరూ చెప్పనక్కరలేదు.

తర్వాత పాత సందులో ఒక భవనం కూలుతుంది. పక్కన నొత్తోలా సంస్థ పనులు జరుగుతుంటాయి. ఇద్దరు చనిపోతారు, ఒక పిల్లవాడు కాళ్ళు పోగొట్టుకుంటాడు. విచారణ సంఘం ఏర్పడుతుంది. ఇక్కడినుంచి కాగితం, కలం దగ్గర పెట్టుకుని చూడడం మేలు. సంఘం సభ్యులు ఒక్కో కార్యాలయానికి వెళ్ళినప్పుడు, అక్కడి అధికారి ఏ కాగితం చూపించాడు, ఏ బాధ్యత తనది కాదన్నాడు, ఎవరి వైపు చూపించాడు అన్న మూడు సంగతులు రాసుకోవాలి. సన్నివేశం ముగిసేసరికి మీ ఎదుట ఒక గొలుసు తయారవుతుంది: ప్రతి లంకె దగ్గరా సంతకం సక్రమంగానే ఉంటుంది, ప్రతి అధికారీ తన పని తాను చేసినట్టే ఉంటుంది, అయినా ఆ భవనం కూలింది. లంచం చేతులు మారే దృశ్యం కోసం ఎదురుచూస్తే అసలు విషయం తప్పిపోతుంది. నిబంధనలను ఉల్లంఘించకుండానే, వాటి గుండానే దోపిడీ ఎలా సాగుతుందో చూపడంలోనే రోసి ప్రతిభ ఉందని నా నమ్మకం.

కౌన్సిల్ సమావేశాల్లో మాటలకన్నా ముందు ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూడండి. కుడి పక్షం, మధ్య పక్షం, వామపక్షం అన్న మూడు గుంపులూ గుర్తుంటే మిగతాది తేలికే. వామపక్ష కౌన్సిలరు దె వీతాగా నటించిన కార్లో ఫెర్మరియెల్లో నటుడు కాదు, నేపుల్స్ రాజకీయాల్లో నిజంగానే ఉన్న కార్మిక నాయకుడు. ఆయన ప్రసంగాలకు ఆ వేడి అందుకే వచ్చింది. తమవి శుభ్రమైన చేతులంటూ పాలకపక్షం వారు చేతులు పైకెత్తి చూపించే ఘట్టంలో ఆ చేతులనే కాక, మధ్య పక్షం వారి ముఖాలను కూడా గమనించాలి. అధికారం నిలవాలంటే వారి మద్దతు కావాలి. నిర్మాణ శాఖ పదవి మీద కన్నేసిన నొత్తోలా కూడా చివరికి వెళ్ళేది వారి దగ్గరికే. రెండోసారి చూసేటప్పుడు మధ్య పక్షంలోని బల్సామోను వదలకుండా అనుసరించండి. నొత్తోలా చేరికను మనస్సాక్షితో వ్యతిరేకించిన ఆ వైద్యుడిని పార్టీ పెద్దలు ఎలా దారికి తెచ్చుకుంటారో చూస్తే, దుర్మార్గుల సంఖ్యకన్నా సర్దుకుపోయేవారి సంఖ్యే ఎక్కువని తెలుస్తుంది.

ముగింపులో తెర మీద వచ్చే వాక్యాలను చదవకుండా లేవకండి. పాత్రలూ సంఘటనలూ కల్పితాలేగాని, వాటిని పుట్టించిన సామాజిక వాస్తవం మాత్రం నిజమని అక్కడ రాసి ఉంటుంది.

తర్వాత ఏవి చూడాలన్నదానికి నా వరస ఇది. మొదట విత్తోరియో దె సీకా 1956లో తీసిన 'ఇల్ తెత్తో'. కప్పు వేసేసిన ఇంటిని పడగొట్టరాదన్న ఆశతో, తెల్లవారేలోగా ఒక్క గది లేపడానికి రోమ్‌లో ఒక పేద జంట పడే తపన అందులో ఉంది. నొత్తోలా ఖాళీ నేల మీద నిలబడి లెక్క కట్టిన భూమికి అవతలి ముఖం ఇదే కాబట్టి, రెండూ వెంటవెంటనే చూడడం మంచిది. 1971లో దమియానో దమియాని పాలెర్మో నేపథ్యంలో తీసిన పోలీసు కథలో బిల్డరూ మాఫియా ఒకటైపోతారు. అది వేగంగా సాగుతుంది, పెద్ద తయారీ అక్కర్లేదు. ఎత్తొరె స్కోలా 1974 చిత్రం 'చెరవామో తాంతో అమాతి'లో, ఒకప్పుడు నాజీలతో పోరాడిన యువకుడు లాయరై, అవినీతిపరుడైన ఒక బిల్డరు కూతుర్ని పెళ్ళాడి ఆ ఆస్తిలో మునిగిపోతాడు. అన్నిటికన్నా చివర 1992లో రోసి నేపుల్స్‌కు తిరిగివెళ్ళి తీసిన 'దియారియో నాపొలెతానో' పెట్టుకోండి. అందులో ఆర్కిటెక్చర్ విద్యార్థులకు 'నగరం మీద చేతులు' చూపించి చర్చిస్తారు. మీరు రాసుకున్న కాగితాన్ని అప్పుడు మళ్ళీ బయటికి తీస్తే, ఆ చర్చలో లేచే ప్రశ్నల్లో మీవి ఎన్ని ఉన్నాయో పోల్చుకోవచ్చు.