మునిగిన జలాంతర్గామి దగ్గరికి – ఏడో పాఠం: పైనున్న ఆ ఒక్కటి

ఈ వారం జలాంతర్గామి లోపలి గదుల గురించి చెబుతానన్నాను. చెప్పను. 35 మీటర్ల లోతున మునిగిన జలాంతర్గామి దగ్గర, పోవడానికి పెట్టుకున్న సిలిండరు గాలి ఎన్ని నిమిషాలొస్తుందని పోయినసారి గాలి లెక్క ఇచ్చాను. జవాబులు చూశాక మనసొప్పలేదు. మా కర్నూలు వాళ్లు కూడా 35 మీటర్ల లోతున ఒత్తిడి మూడున్నర అనే రాశారు.



పది మీటర్ల సముద్రపు నీరు ఒక వాతావరణమంత, అంటే నేల మీద గాలి మన మీద మోపేంత ఒత్తిడి. ఇది అందరికీ నోటికి వచ్చు. మరి నీటి పైనున్న గాలి? సుంకేసుల ఆనకట్ట మీద నిలబడ్డా మన నెత్తిన ఒక వాతావరణం ఉంటుంది. నీళ్లలోకి దూకగానే అది దిగిపోదు. నేనైతే లోతును పదితో భాగించి ఒకటి కలుపుతాను. 10కి 2. 30కి 4. 35కి 4.5. మూడున్నర కాదు, నాలుగున్నర.

1942 మే 9న అమెరికా తీరరక్షక నౌక ఇకారస్ ముంచిన జర్మన్ జలాంతర్గామి యు-352, నార్త్ కరోలినా తీరానికి అవతల సుమారు 35 మీటర్ల లోతున కుడివైపు ఒరిగి ఉంది. గట్టున నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి అక్కడ దానికి నాలుగున్నర రెట్లు, 90 కావాలి. 12 లీటర్ల సిలిండరును 200 బార్లకు (ఒక బారు దాదాపు ఒక వాతావరణం) నింపితే 2,400 లీటర్లు. అందులో పోవడానికి మూడో వంతు, రావడానికి మూడో వంతు, మిగిలింది ఆపదకు. పోవడానికి అంటే 800. తొమ్మిది నిమిషాలు కూడా నిండవు. మీ మూడున్నరతో పదకొండు దాటుతాయి. ఆ ఎక్కువ నిమిషాలు మీ కాగితం మీదే ఉన్నాయి, సిలిండరులో లేవు.

"సగం పోవడానికి, సగం రావడానికి" అన్నవాళ్లు ఎప్పుడైనా పాతాళగరిగెకు అందని బొక్కెన కోసం బావిలో మునిగారా? కాలు తగిలితే అడుగునున్న ఒండ్రు లేచి చెయ్యి కూడా కనబడదు. జలాంతర్గామిలో ఒండ్రుకు తుప్పు తోడు. వచ్చిన దారినే తడుముకుంటూ రావాలి, కంగారులో ఊపిరి రెట్టింపవుతుంది. మిగిలిన మూడో వంతు అందుకే.

విశాఖ దగ్గర 1971లో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ గురించి అడుగుతున్నారు. అది దాదాపు 100 మీటర్ల లోతున ఉంది. ఒకటి కలిపి చూడండి, 11. అక్కడ మామూలు గాలిలోని ఆక్సిజనే విషం. పైగా అది నావికుల సమాధి. మళ్లీ అడగకండి.

అభ్యాసం: వంటింటి నుంచి పెరటి దాకా, మంచం కోళ్లకు, కిటికీ చువ్వలకు చుడుతూ నైలాన్ దారం కట్టండి. కళ్లు తెరిచి వెళ్లండి, గంతలు కట్టుకొని దారం వదలకుండా రండి. ఇరవై సార్లు. రెండు సమయాలూ రాసి పంపండి. తులసికోటకు మాత్రం కట్టకండి, మా ఇంట్లో ఆ గొడవ ఇంకా తెమల్లేదు.