ఒంటిచేత్తో తెరుచుకోని ఒంటిచేతి కత్తి

ఒంటిచేత్తో తెరవచ్చని కొన్న మడత కత్తి మొదటి రోజే మొరాయించింది. బ్లేడు మీది బొడిపెను బొటనవేలితో నెడితే సగం దాకా వచ్చి ఆగిపోయేది. వేలు కమిలిందే తప్ప లాభం లేదు. చూస్తే ఇరుసు స్క్రూ మరీ బిగించేశారు. దాని తలలో నక్షత్రం గాడి, మామూలు స్క్రూడ్రైవర్ పట్టదు. నా దానికి టి8 సైజు టార్క్స్ బిట్ (నక్షత్రం మొన ఉండేది) సరిపోయింది.

పావు చుట్టు వదులు చేశాను. బ్లేడు సర్రున వచ్చింది గానీ పక్కలకి ఊగడం మొదలైంది. అది ఇంకా ప్రమాదం! మళ్ళీ కొద్దికొద్దిగా బిగిస్తూ, ఊగడం పోయిన చోట ఆపాను. ఇరుసులో ఒక్క చుక్క మెషిన్ ఆయిల్ వేసి ఇరవై ముప్పై సార్లు తెరిచి మూస్తే దారికొచ్చింది.

మూసేటప్పుడు మాత్రం, తెరిచిన బ్లేడు మూసుకుపోకుండా ఆపే లాక్ పట్టీని నొక్కే బొటనవేలు సరిగ్గా బ్లేడు దారిలోనే ఉంటుంది. ఆ టెన్షన్ ఇంకా పోలేదు.