పెద్ద చైన్‌సా కొంటున్నారా? ముందు బరువు చూడండి

చెన్నైలో చెట్లు కొట్టే పనిలో ఉన్న మనవాళ్లు షాపులో మొదట అడిగేది 'ఎన్ని సీసీ?' అని. నా మాట విని బరువు కూడా అడగండి.

స్టిల్ ఎంఎస్ 661 ఇంజన్ 91.1 సీసీ, శక్తి 5.4 కిలోవాట్లు, బరువు 7.4 కిలోలు. అదే కంపెనీ ఎంఎస్ 462 అయితే 72.2 సీసీ, 4.4 కిలోవాట్లు, బరువు 6 కిలోలే. బార్ (చైన్ తిరిగే పొడవాటి ఇనుప పట్టీ), చైన్, పెట్రోలు కలిస్తే రెండూ ఇంకా బరువెక్కుతాయి. 2016 డిసెంబరులో వర్దా తుఫానుకు కూలిన చెట్లలాంటి వాటి లావుపాటి మొదళ్లు రోజూ కోసేవాళ్లకు పెద్దదే కావాలి. ఎక్కువగా కొమ్మలే కోసేవాళ్లకు చిన్నదే నయం. ఈ ఊరి ఎండలో మధ్యాహ్నానికి భుజాలు లాగేస్తాయి, అలసిన చేతిలో రంపం మహా ప్రమాదం. అందుకే బార్ బిగించి, ట్యాంకు నింపించి, ఐదు నిమిషాలు పట్టుకుని చూశాకే డబ్బు కట్టండి.

కొన్నాక, కోసేటప్పుడు రాలే పొట్టు మీద కన్నేసి ఉంచండి. రేకుల్లా ఎగిరిపడితే పదును బాగున్నట్టే. పిండిలా రాలుతుంటే గట్టిగా నొక్కకండి, బార్ వేడెక్కి అరిగిపోతుంది. ఆపి ఆకురాయి పట్టండి, చైన్‌లో ప్రతి పన్నుకూ ఒకే లెక్కన రుద్దులు. ఎయిర్ ఫిల్టర్ రోజూ దులపాలి.

ఇంకోటి, పెట్రోల్లో ఇప్పుడు ఎథనాల్ ఉంటోంది, అది తేమను పీలుస్తుంది. కొన్ని వారాలు పని లేదంటే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడిపి పక్కన పెట్టండి.